ఏలూరులో ఆయిల్ దొరకదా?

"అన్నిటికంటే చిక్కటి ఆయిల్ ఏదుందో అదివ్వండి."

కౌంటర్ ముందు నిలబడ్డ కుర్రాడు ఈ మాట అన్నాక జ్యోత్స్న ర్యాకు వైపు తిరగలేదు. ముందు అతన్ని చూసింది. తర్వాత రోడ్డు పక్కన ఆపిన పాత తెల్ల కారుని చూసింది. పెళ్ళికి వెళ్తున్నంత శుభ్రంగా కడిగి ఉందది. మళ్ళీ అతన్ని చూసింది.

"కారు అమ్మేస్తున్నారాండీ?"

ఉదయ్ కిరణ్ గతుక్కుమన్నాడు. "మీకెలా తెలుసండీ?"

"కారు ఉంచుకునేవాళ్ళు ఏ ఆయిల్ పడుద్దో అడుగుతారండి. అమ్మేసేవాళ్ళు చిక్కటిది ఇమ్మంటారు. చిక్కటిది పోస్తే కొన్నాళ్ళు పొగ తగ్గుద్ది. ఆ కొన్నాళ్ళలో బేరం అయిపోద్ది. ఆ తర్వాత కొన్నవాడి ఖర్మ."

"అంత మాటెందుకండీ..."

"పొగ వస్తుందా, రాదా?"

"వస్తుందండి," అన్నాడు ఉదయ్ చిన్న గొంతుతో. "ఆయిల్ కూడా తాగేస్తోందండి."

"అయితే మీరడిగిన ఆయిల్ మా షాపులో లేదండి."

ఆమె వెనక ర్యాకు నిండా అన్నిటికంటే చిక్కటి ఆయిల్, ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. అతను వాటిని చూశాడు. అతను చూడటాన్ని ఆమె చూసింది. అయినా ఆమె తగ్గలేదు. అతనే నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ రోడ్డులో బేతేలు ఆయిల్స్ అంటే లారీ డ్రైవర్లకీ, ట్రాక్టర్ల రైతులకీ బాగా తెలుసు. అక్కడ బండికి కావలసింది ఇస్తారు తప్ప మనం అడిగింది ఇవ్వరని దానికి పేరు. ఆ పేరు తెచ్చింది ఏలీయా గారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు ముదిరాక, బీకాం పూర్తిచేసిన కూతురు జ్యోత్స్న కౌంటర్లోకి వచ్చింది. దాంతో షాపు పేరు ఇంకా పెరిగింది. జ్యోత్స్న నోరు కూడా.

ఉదయ్ కిరణ్‌ది గుండుగొలను. రిటైరైన టీచరు మార్తమ్మ గారికి ఒక్కడే కొడుకు. ఏలూరులో ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాడు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకి వెళ్ళి, సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి పరీక్ష చేసి, ఆక్సిజన్ ఎంతుందో రైతులకి చెబుతాడు. గట్ల మీద తిరగడానికి కొన్న సెకండ్‌హ్యాండ్ కారు ఇప్పుడు పొగ వదులుతుంటే రైతులు నవ్వుతున్నారు. గూడెంలో ఒకాయన కారు చూస్తానన్నాడు. వెళ్ళేముందు చిక్కటి ఆయిల్ పోయించుకోమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. స్నేహితులు ఉండేది ఇలాంటి సలహాలు ఇవ్వడానికే కదా!

అదే రోడ్డులో ఇంకా ఆయిల్ షాపులున్నాయి. ఉదయ్ వాటిని దాటుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు ఆగలేదో అతనికే తెలీదు. గంట తిరక్కుండా మళ్ళీ బేతేలు ఆయిల్స్ ముందు ప్రత్యక్షమయ్యాడు.

"మీ పుణ్యమా అని బేరం పోయిందండి."

"నేనేం చేశానండి మధ్యలో?"

"ఆయన పొగ వస్తుందా అని అడిగేడండి. రాదు అందామని నోరు తెరిచా. మీరు చూసిన చూపు గుర్తొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశా. ఆయన మజ్జిగిచ్చి పంపించేశాడండి."

జ్యోత్స్నకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. నవ్వితే ఆ మొహంలో కోపానికి చోటే ఉండదని ఉదయ్ అప్పుడే కనిపెట్టాడు. బేరం పోయిన బాధ అక్కడితో సగం తీరింది.

"సరే, ఇప్పుడు అడగండి," అందామె.

"ఏం అడగనండి?"

"కారు ఉంచుకునేవాళ్ళు అడిగేది."

ఉదయ్ చేతులు కట్టుకున్నాడు. "మా కారుకి ఏ ఆయిల్ పడుద్దండి మేడమ్?"

"కంపెనీ వాళ్ళు టెన్ డబ్ల్యూ థర్టీ అన్నారు. మీది పాత ఇంజన్ కాబట్టి ఒక్క మెట్టెక్కి టెన్ డబ్ల్యూ ఫార్టీ వేద్దాం. మొదటి అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పటి సంగతి. డబ్ల్యూ అంటే వింటర్. రెండోది ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పుద్ది."

"మా కొల్లేట్లో వింటర్ ఎక్కడుందండీ?"

"అందుకే మీరు రెండో అంకె చూసుకోండి. మరీ పల్చగా ఉంటే సందుల్లోంచి జారి కాలిపోద్ది. మరీ చిక్కగా ఉంటే పొద్దున్నే పైదాకా ఎక్కడానికి బద్ధకిస్తుంది, ఇంజన్ అరిగిపోద్ది. చిక్కటిదల్లా మంచిది కాదండి."

వెనక కుర్చీలో పేపరు చదువుతున్న ఏలీయా గారు పేపరు కొంచెం దించి కుర్రాణ్ణి చూసి, మళ్ళీ ఎత్తుకున్నారు.

*

నెల తిరక్కుండా కారు మళ్ళీ వచ్చింది. ఈసారి ఉదయ్ చేతిలో ఒక సంచి కూడా ఉంది.

"ఆయిల్ తగ్గిందండి. ఇది కొర్రమీను. చెరువు రైతు బలవంతంగా ఇచ్చేడు. మా ఇంట్లో అమ్మా, నేనే. అంత తినలేమండి."

"ఏలూరులో ఆయిల్ దొరకదాండీ? ఇంత దూరం వచ్చేరు?"

"దొరుకుద్దండి. కానీ ఇలా తిట్టి అమ్మరు."

జ్యోత్స్న తల వంచుకుని సంచి అందుకుంది. మొదటిరోజు కోపంలో అడగడం మరిచిపోయిన ప్రశ్న అప్పుడు అడిగింది. "ఇంతకీ పొగ ఎప్పుడొస్తుందండి? స్పీడెత్తినప్పుడా?"

"కాదండి. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే గుప్పుమంటది. ఊరు దాటేసరికి ఏమీ ఉండదు."

ఆయిల్ షాపులో పెరిగిన పిల్లకి ఇంతకంటే ఏం చెప్పాలి? స్టార్ట్ చేసినప్పుడే పొగంటే అది వాల్వ్ సీళ్ళ జబ్బు. రాత్రంతా పాత సీళ్ళలోంచి కారిన ఆయిల్ పొద్దున్నే కాలుతుంది. ఏ అంకె ఆయిల్ పోసినా అది పూర్తిగా పోదు. మెకానిక్ దగ్గర సీళ్ళు మార్పిస్తే మాత్రం పోతుంది. అంతే, ఒక్క వాక్యం.

ఆ వాక్యం చెప్పడానికే జ్యోత్స్న నోరు తెరిచింది.

"మళ్ళీ తగ్గితే మళ్ళీ వస్తానండి," అన్నాడు ఉదయ్, ఆ సంగతి తనకెంతో బాగున్నట్టు.

జ్యోత్స్న నోరు మూసుకుంది. "ఈసారి ఫిఫ్టీన్ డబ్ల్యూ ఫార్టీ వేసి చూద్దామండి," అంది.

వెనక కుర్చీలో ఏలీయా గారు దగ్గారు. ఆయనకి దగ్గు లేదు.

అలా వర్షాకాలం వచ్చేసింది. ఉదయ్ వచ్చినప్పుడల్లా ఒక కబురు తెచ్చేవాడు. ఆటపాక దగ్గర గూడబాతు తన శాంపిల్ సీసాని చేపనుకుని ముక్కుతో పట్టుకుందనీ, అది వదిలేదాకా గట్టు మీద బతిమాలుకున్నాననీ చెబితే జ్యోత్స్న కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అతను వెళ్ళాక మాత్రం ఆమెకి నవ్వొచ్చేది కాదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నిజాయితీ గురించి మాట్లాడితే పక్కవాళ్ళ వైపు చూడలేకపోయేది. ఈసారి చెప్పేస్తాను అనుకునేది. అతను వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడగానే, వచ్చేసారి చెబుతాను అనుకునేది.

ఆమె భయం ఒక్కటే. నిజం మాట్లాడుతుందనే అతను తనని గౌరవిస్తున్నాడు. ఇది తెలిసిన రోజు కారుతోపాటు ఆ గౌరవం కూడా గూడెం దాటి వెళ్ళిపోతుంది.

చివరికి ఒకరోజు ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ కూడా ఇచ్చింది. మొదటిరోజు షాపులో లేదన్న డబ్బానే. "దొరికిందన్నమాట," అన్నాడు ఉదయ్. ఆమె తలెత్తకుండా చిల్లర ఇచ్చింది.

*

బ్రేకులు కీచుమంటుంటే ఉదయ్ కారుని ఏలూరులో యోసేపు అనే మెకానిక్ దగ్గర వదిలిపెట్టాడు. మర్నాడు పొద్దున్నే యోసేపు కారు స్టార్ట్ చేశాడు. గుప్పుమని పొగ.

"ఇవి వాల్వ్ సీళ్ళండి. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"ఆయిల్ మారుస్తున్నామండి."

"ఎవరు చెప్పేరండి మారిస్తే పోద్దని?"

ఉదయ్ షాపు పేరు చెప్పాడు.

యోసేపు ఆశ్చర్యపోయాడు. "బేతేలు వాళ్ళా? వాళ్ళకి తెలియకపోవడం ఏంటండీ! తెలిసే ఊరుకుని ఉంటారు. ఆయిల్ అమ్ముడుపోతుంది కదా మరి."

ఆ మాట ఉదయ్ గుండెల్లో గుచ్చుకుంది. సీళ్ళు మార్పించుకుని సరాసరి హైవే ఎక్కాడు. దారిపొడుగునా వాన. భీమడోలు దాటేదాకా కోపంగా ఉన్నాడు. నల్లజర్ల క్రాస్ రోడ్డు బోర్డు కనిపించేసరికి, కోపం కన్నా బాధే ఎక్కువుందని తెలిసింది.

జ్యోత్స్న కారుని దూరం నుంచే చూసి లేచి నిలబడింది. "ఇంత వానలోనా! అర లీటరు ఇవ్వమంటారాండీ?"

"ఏమీ వద్దండి. వాల్వ్ సీళ్ళు మార్పించాను. ఇంక పొగ లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మంచిదండి."

"మీకు ముందే తెలుసా?"

తెలీదంటే సరిపోయేది. ఉదయ్ నమ్మేవాడు. నమ్మాలనే అంత దూరం వచ్చాడు.

"తెలుసండి," అంది జ్యోత్స్న. "మీరు కొర్రమీను తెచ్చిన రోజునుంచీ."

"ఆక్సిజన్ పడిపోయిందని తెలిసీ నేను చెరువు రైతుకి చెప్పకుండా ఊరుకుంటే తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయండి. మీరు చూసిన ఒక్క చూపుకి నేను బేరం పోగొట్టుకున్నాను. ఈ అమ్మాయి అబద్ధం ఆడదని మా అమ్మతో ఎంత గొప్పగా చెప్పేనో తెలుసాండీ?"

"నా గురించి అమ్మగారితో చెప్పేరా? ఏం చెప్పేరు?"

"అదిప్పుడు అనవసరమండి!" అన్నాడు ఉదయ్. కోపం మధ్యలోనే సిగ్గుపడాల్సి వచ్చింది. "ఎందుకు చెప్పలేదు? ఆయిల్ అమ్ముకోవడానికా?"

జ్యోత్స్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెబితే బాగైపోద్ది కదండీ."

"బాగవ్వాలనే కదండీ నేను వస్తున్నది!"

"బాగైపోతే రారు కదా."

ఉదయ్ తర్వాత అనాలనుకున్నవన్నీ మరిచిపోయాడు. బయట ఉల్లిపాయల లారీ ఒకటి హారన్ కొట్టి కొట్టి, ఎవరూ పక్కకి జరగకపోతే తనే జరిగి వెళ్ళింది. వాన చూరు మీంచి కౌంటర్ అంచు మీదికి జల్లు కొడుతోంది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి జరగలేదు.

అతనే ముందు అన్నాడు. "మా ల్యాబు కిందే ఆయిల్ షాపుందండి."

జ్యోత్స్న కళ్ళు తుడుచుకోవడం ఆపింది. "ఎప్పట్నుంచి?"

"మా ల్యాబు పెట్టక ముందునుంచి. ఆయన రోజూ నమస్కారం పెడతాడు. నేను మొహం చెల్లక తల వంచుకుని మెట్లెక్కుతాను."

"అయితే మీరూ నాతో అబద్ధమే ఆడేరు!"

"లేదండీ బాబూ. ఏలూరులో దొరకదా అంటే దొరుకుద్దనే చెప్పేను. ఎక్కడ దొరుకుద్దో మీరడగలేదు."

"సీళ్ళు బావున్నాయా అని మీరూ అడగలేదు."

ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఉదయ్ తల మీంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"జ్యోత్స్న గారూ, మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఇప్పుడు చూస్తే పొగా లేదు, ఆయిలూ అక్కర్లేదు. ఇంక ఏ వంక పెట్టుకుని రమ్మంటారు నన్ను?"

ఆమె కౌంటర్ మీద పడ్డ చినుకుల్ని అరచేత్తో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"వంకలెందుకండీ," అంది మెల్లగా. "ఊరికే రండి."

వెనక పేపరు మడిచిన చప్పుడైంది.

"ఊరికే ఎందుకమ్మా?" అన్నారు ఏలీయా గారు. "ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళమ్మగారిని కూడా తీసుకురమ్మను. భోజనాలు మనింట్లోనే. ఇన్నేళ్ళలో నువ్వు కస్టమరు దగ్గర దాచింది ఆ సీళ్ళ మాటొక్కటే. అది దాచినరోజే నాకు సంగతి అర్థమైంది. ఎవరో ఒకరు బయటపడతారని చూస్తున్నా. ఇంత ఆలస్యం చేస్తారని మాత్రం అనుకోలేదు."

జ్యోత్స్న చటుక్కున ర్యాకు వైపు తిరిగి, సర్దే ఉన్న డబ్బాల్ని సర్దడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, వస్తారా మరి?"

"ఆయ్," అన్నాడు ఉదయ్. మళ్ళీ మొదటిరోజులాగే చేతులు కట్టుకున్నాడు.