ఇరవై రెండో దరఖాస్తు

"నీకు స్కాలర్‌షిప్ వచ్చిందోయ్," అన్నాడు పెద్దాయన.

డేగ ఉలిక్కిపడ్డాడు. ఇరవయ్యేళ్ల సీక్రెట్ సర్వీసులో అతని మీదికి తూటాలొచ్చాయి, బాంబులొచ్చాయి, ఒకసారి మొసలి కూడా వచ్చింది. స్కాలర్‌షిప్ మాత్రం చదువుకునే రోజుల్లో కూడా రాలేదు.

రహస్య విభాగానికి చీఫ్ అయిన పెద్దాయన ఫైలు ముందుకు తోశాడు.

"విదేశీ ఉద్యోగులకి మన ప్రభుత్వం ఉచితంగా ట్రైనింగ్ ఇస్తోంది. టికెట్టు, హాస్టలు, తిండి అన్నీ మనవే. ఈసారి సబ్జెక్టు నీటి సరఫరా. రెండు వారాలు. నీతో కలిపి ఇరవై నాలుగు మంది. అందులో ఒకడు శత్రువు పంపిన స్పై."

"ఎవడు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? కోడ్ నేమ్ నత్త. ఆఖరి రోజు వాళ్లకి మన నీళ్ల ప్లాంటు చూపిస్తారు. కంట్రోల్ రూమ్ ఫొటోలు దేశం దాటాయా, ఈ ఊరి గొంతు అక్కడ కూర్చునే ఎండగట్టేస్తారు."

"అందర్నీ సోదా చేసేస్తే?"

"ప్రభుత్వ అతిథులయ్యా! ఒక్క అమాయకుడి మీద చెయ్యి వేశావా, రాయబారులంతా నా నెత్తినెక్కుతారు. స్కీము మూతపడుతుంది. నువ్వు ఇన్‌వర్డ్ సెక్షన్‌లో వచ్చిన కాగితాల మీద ముద్రలు కొట్టుకుంటావు. ఒక్క మనిషి. ఒక్క సోదా. గురి తప్పకూడదు."

పెట్టుడు మీసం, కెమెరా దాచిన కళ్లజోడు, దొంగ పాస్‌పోర్టుతో డేగ విదేశీ ఇంజనీరై కోర్సులో చేరాడు. శిక్షణ అన్న మూడక్షరాల్లో మొదటి రెండే అతని వంతుకొచ్చాయి.

ఎవడి వెనకైనా పిల్లిలా నాలుగు మెట్లు దిగేలోపు "సార్! సంతకం!" అని కేక వినబడేది. కేక కోర్సు కోఆర్డినేటర్ మేడమ్‌ది. ఆవిడ చేతిలో హాజరు పట్టీ, రోజుకి నాలుగు సంతకాలు. మురుగు మీద మూడు గంటల లెక్చర్ రికార్డు చేసి కళ్లజోడు బ్యాటరీ రెండో రోజే కన్ను మూసింది.

మిగిలింది కోడ్ వర్డ్. శత్రువు ముఠాలో "మీ ఊళ్లో కుళాయి కారుతోందా?" అని అడిగితే "వాషర్ మార్చాలి" అని జవాబు రావాలి. టీ విరామంలో డేగ అడిగాడు. అడిగిన ప్రతివాడూ "వాషర్ మార్చాలి" అన్నాడు. ఇద్దరైతే సైజు కూడా చెప్పారు. నీళ్ల ఇంజనీర్లని కుళాయి గురించి అడిగితే ఇంకేమంటారు, పద్యం పాడతారా!

నీరుగారిపోయిన డేగని ఓదార్చేది హాస్టల్లో పక్క మంచం పంపుల ఇంజనీరే. నెరిసిన జుట్టు, నడుముకి కొలతల టేపు, జేబు నిండా దగ్గు బిళ్లలు.

"ఉద్యోగమన్నాక ఇంతే తమ్ముడూ. ఒకటి చప్పరించు," అనేవాడు.

కుళాయి ప్రశ్నకి జవాబివ్వకుండా నవ్వి ఊరుకున్నది ఒక్కతే, భూగర్భ జలాల లెక్కలు చూసే నల్ల కళ్లద్దాల హైడ్రాలజిస్ట్. ఆమె నడిచొస్తుంటే నీళ్ల లెక్చరర్ కూడా నీళ్లు నమిలేవాడు. డేగ పది రోజులు ఆమెనే వెంబడించాడు. పదమూడో రోజు ల్యాబ్ వెనక ట్యాంకు చాటున ఇద్దరూ ఒకేసారి పిస్తోళ్లు తీశారు.

"నత్తా! చేతులెత్తు!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

తర్వాత ఇద్దరూ ఒకేసారి గుర్తింపు కార్డులు తీశారు. రెంటి మీదా పెద్దాయన సంతకమే.

"డబుల్ ఏజెంట్‌నండీ," అందామె నీరసంగా. "శత్రువుకీ పనిచేస్తాను, నిజంగా మనకే పనిచేస్తాను. మీరే నత్త అనుకుని పది రోజులుగా మీ వెంట తిరుగుతున్నా."

"నత్త ఎవరో వాళ్లయినా నీకు చెప్పలేదా?"

"మీ గురించి మనవాళ్లు నాకు చెప్పారా ఏంటి? ఆఫీసులన్నీ ఒకటేనండీ."

డేగ తల ట్యాంకుకేసి కొట్టుకున్నాడు. ట్యాంకు కూడా ఖాళీయే.

ఆఖరి రోజు పొద్దున ప్లాంటు చూపించారు. కంట్రోల్ రూమ్‌లో అందరూ నోరు తెరిచి చూశారు, పంపుల ఇంజనీరు అలవాటుగా టేపు లాగి గోడలు కొలిచాడు, ఒకాయన నిలబడే కునుకు తీశాడు. ఎవరి చేతిలోనూ కెమెరా లేదు. నాలుగింటికి విమానాశ్రయం బస్సు. నాలుగవడానికి ఐదు నిమిషాలుంది. డేగ కోఆర్డినేటర్ గదిలో కుర్చీలో కూలబడ్డాడు. ముద్రలు కొట్టాల్సిన మణికట్టు ఇప్పటినుంచే నొప్పి పుడుతోంది.

"ఈ గోల చూశారా సార్!" మేడమ్ కాగితాల దొంతర బల్ల మీద పడేసింది. "నిన్న సర్టిఫికెట్లు ఇచ్చిన దగ్గర్నుంచీ ఇదే పోరు. వచ్చిన రోజు, వెళ్లే రోజు ప్రయాణం కింద తీసేసి పన్నెండు రోజులే వేశాం. ఆ రెండు రోజులూ వాళ్ల ఆఫీసుల్లో సెలవు కింద కోసేస్తారట, పధ్నాలుగూ వెయ్యాలట! ఇరవై ఒక్క దరఖాస్తులు! బుద్ధిగా నోరు మూసుకున్నది ముగ్గురే. మీరూ, ఆ కళ్లద్దాలావిడా, పంపుల ఇంజనీరు గారూ."

డేగ కుర్చీలోంచి సగం లేచాడు.

అడగనివాళ్లు ముగ్గురు. తను నిజం ఇంజనీరు కాదు, సెలవు కోసే ఆఫీసూ లేదు కాబట్టి అడగలేదు. ఆమె నిజం హైడ్రాలజిస్టు కాదు కాబట్టి అడగలేదు. మరి...

"అన్నగారూ!" అని గావుకేక పెట్టి పరిగెత్తాడు.

బస్సు అప్పటికే కదిలింది. డేగ ఎగిరి ఫుట్‌బోర్డు పట్టుకున్నాడు. పట్టు చిక్కింది గానీ మీసం ఊడి గాల్లో కలిసింది. మీసం లేని డేగని చూసి పంపుల ఇంజనీరు చెయ్యి నడుము మీదికెళ్లింది. ఈలోపు వెనక సీట్లోంచి నల్ల కళ్లద్దాలు వంగి, ఆయన పక్కటెముకకి పిస్తోలు ఆనించాయి.

"టేపు ఇవ్వండి అన్నగారూ," అన్నాడు డేగ రొప్పుతూ. "పంపే లేని గదిలో పంపుల ఇంజనీరు ఏం కొలిచాడో చూడాలి."

లాగాడు. రెండడుగుల దగ్గర అంకెలు అయిపోయాయి. ఫిల్ము మొదలైంది.

"పదిహేనేళ్లలో ఎవడికీ చిక్కలేదు," నత్త నిట్టూర్చాడు. "ఎక్కడ దొరికిపోయాను తమ్ముడూ?"

"సర్టిఫికెట్ దగ్గర. సర్కారు ఉద్యోగి ప్రాణమైనా వదులుకుంటాడు గానీ ప్రయాణం రోజులు వదులుకోడు."

బస్సంతా అవునవునని తలూపింది.

మర్నాడు పెద్దాయన డేగ భుజం తట్టాడు. "శభాష్! ఊరి గొంతు తడిపావు." పక్కనే హెడ్ క్లర్కు డేగ సర్టిఫికెట్ రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఇందులో పన్నెండు రోజులే ఉన్నాయి సార్. తమరు పధ్నాలుగు రోజులు సీట్లో లేరు. రెండు రోజులు సెలవు కింద కోస్తున్నాం."

డేగ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కిటికీ వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నం కోఆర్డినేటర్ మేడమ్ బల్ల మీద ఇరవై రెండో దరఖాస్తు పడింది. ఇరవై మూడోది పట్టుకుని వెనకే నల్ల కళ్లద్దాలు నిలబడి ఉన్నాయి. సర్టిఫికెట్ రెండు కాపీలు కావాలట. ఆమెకి ఆఫీసులు రెండు కదా!