ఇరవై మూడు పత్తిచేలు

బోథ్‌లో ఒక ప్రైవేటు బడి. శనివారం మధ్యాహ్నం. ఐదో తరగతి పిల్లలు శరదృతువు బొమ్మలు వేస్తున్నారు. లేత టేకాకు నలిపితే వేళ్లకు ఎర్రరంగు దిగుతుంది. ఆ రంగుతో అడవి, అంటించిన దూదితో మబ్బులు, కింద పత్తిచేను. మొత్తం ఇరవై మూడు. ఆరినవాటిని మంజుల టీచర్ దారానికి వేలాడదీస్తోంది.

నాలుగో బొమ్మ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చేనులో ఒక పిల్ల, వీపు తిప్పి నిలబడింది. ఐదోదాంట్లోనూ. ఆరోదాంట్లోనూ.

"ఎవరే గీ పిల్ల?"

"మేం గియ్యలే టీచర్..."

పోయినేడు ఇదే కాలంలో బడి యజమాని సుధాకర్ శ్రమదానం పేరుతో పిల్లల్ని తన చేనుకు పత్తి ఏరడానికి తోలాడు. 'బడి ఈడు పిల్లలు బడిలోనే' అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించిన మహానుభావుడే! పురుగుమందు డబ్బా కడిగి అందులోనే తాగునీళ్లు పోశారు. యుమ్నా అనే పిల్ల తాగింది. చచ్చిపోయింది. పాము కరిచిందన్నాడు సుధాకర్. ఆ రోజు పిల్ల బడికే రాలేదని హాజరుపట్టీలో రాసింది మంజుల. ఉద్యోగం పోతుందని భయం. "నిజం చెప్పు టీచరమ్మా" అని యుమ్నా తల్లి ముబీనా ఏడాదిగా అడుగుతూనే ఉంది.

బెల్లు మోగింది. పిల్లలు వెళ్లిపోయారు. మబ్బు కమ్మి గది చీకటైంది. సుధాకర్ వచ్చాడు.

"ఏంది మేడం గీ లొల్లి? సోమవారం బొమ్మల పోటీకి గివే పంపుతవా? చింపెయ్!"

దారం పట్టి లాగబోయాడు. ఆగాడు. ఒక్కో బొమ్మలో ఆ పిల్ల కొంచెం కొంచెం ఇటు తిరుగుతోంది... చివరి బొమ్మలో చేను ఖాళీ.

గదిలో పురుగుమందు వాసన. ఘాటుగా...

"నీళ్లు... మేడం... జర నీళ్లు..."

నోట్లోంచి తెల్లని నురగ. కూలిపోయాడు. కదల్లేదు.

మంజుల పరుగెత్తింది. ఏడాది మూసుకున్న నోరు ముబీనా గుమ్మంలో తెరుచుకుంది.

"పాము కాదు ముబీనా... నేను అబద్ధం రాసిన..."

"తెలుసు. సార్ ఇప్పుడే వచ్చి చెప్పిపోయిండు."

"సార్... బళ్లె చచ్చి పడున్నడు కదా..."

ముబీనా వినలేదు. ఆమె చూపు మంజుల నడుము పక్కకు, కిందికి దిగింది. మొహం మెత్తబడింది.

"వచ్చినవా బేటా? గట్టిగ పట్టుకో. ఇడువకు."

మంజుల కుడిచెయ్యి లాక్కోబోయింది...

రాలేదు.