ఎనిమిదో పలక మీద పేరు

ఓటో బేరెన్స్‌కి అన్యాయం జరిగింది 1919లో. చేసింది శత్రువు కాదు. శత్రువుకి ఆ కుర్రాడి పేరైనా తెలీదు. చేసింది సొంత చర్చి కమిటీ పెద్దలు... మీటింగ్ పెట్టుకుని, ప్రార్థనతో మొదలుపెట్టి మరీ చేశారు.

ఆ అన్యాయమేమిటో తర్వాత. ముందు ఆ చోటు సంగతి.

టెక్సస్‌లో ప్లేనో దాటి ఉత్తరంగా కాసేపు డ్రైవ్ చేస్తే పాత లూథరన్ చర్చి ఒకటుంది. జర్మనీ నుంచి వచ్చిన రైతులు కట్టుకున్నది. పార్కింగ్ నుంచి హాల్‌కి వెళ్ళే దారిలో ఎనిమిది పలకల రాతి స్తంభం. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన ఆ చర్చి కుర్రాళ్ళ పేర్లు, పలకకొకటి. ఏడు పలకల మీద లైటు పడుతుంది. ఎనిమిదోది హాల్ గోడ వైపుకి తిరిగి ఉంటుంది — అక్కడ పడదు.

చీకటి పడ్డాక ఆ పలక దగ్గర ఎవరో నిలబడతారని చెడ్డపేరు.

2011లో ఆ హాల్‌ని శనివారం సాయంత్రాలకి మన తెలుగు చర్చి అద్దెకి తీసుకుంది. అంతకుముందు మూడేళ్ళు జోసఫ్‌గారి గరాజ్‌లో పాడుకున్నారు. పాట హెచ్చు స్థాయికి వెళితే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచేవాళ్ళు. ఈ హాల్ కోసం ఆ చర్చి కమిటీ చుట్టూ తిరిగిన మనిషి ప్రేమజ్యోతి. భీమవరం ఆవిడ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం — ఎదుటివాడి పనిలో తప్పు పట్టుకోవడానికి జీతం ఇస్తారు. జీతం లేకపోయినా పట్టుకునేదే.

నవంబర్‌లో ఓ సాయంత్రం ఎమ్మెస్ చదువుతున్న జూడ్ ఇంటికి ఫోన్ చేసుకుందామని స్తంభం వెనక్కి వెళ్ళాడు. అక్కడ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన. జూడ్ మర్యాదగా తన పేరు చెప్పాడు.

"ఓటో బేరెన్స్," అన్నాడాయన.

జూడ్ ఫోన్ వెలుగు రాయి మీద పడింది... ఓటో బేరెన్స్, 1918.

అంతే. ఫోన్ గడ్డిలో, జూడ్ కార్‌లో. ఫోన్ అవతల వాళ్ళమ్మ హలో హలో అంటూనే ఉందట.

తర్వాతి శనివారం క్రిస్మస్ డ్రామా ప్రాక్టీసుకి గొర్రెల కాపరులు రాలేదు, జ్ఞానులు రాలేదు, ఆఖరికి గొర్రెలు కూడా రాలేదు. ఆ వారమే కమిటీ పెద్దావిడ మిసెస్ వాల్టర్ చల్లగా చెప్పింది — "మీరు వాడుకోకపోతే హాల్ కరాటే క్లాసుకి ఇచ్చేస్తాం."

"దెయ్యం పేరు చెప్పి పరిచయం చేసుకుంటుందట్రా? హెచ్ఆర్‌లో పనిచేసి చచ్చిందా?" అని జూడ్‌ని వాయించింది ప్రేమజ్యోతి.

"నిజం ఆంటీ. నా కళ్ళతో..."

"మీకు వెటకారమే అక్కా," అంది గొర్రెల వేషాలు వేసే పిల్లల తల్లి ఫెబీ. "నాకు ఇద్దరు పిల్లలు. నేను పంపను."

సరే, తనే తేల్చుకుంటానని ప్రేమజ్యోతి వెళ్ళింది. డిసెంబర్ సాయంత్రం, ఆరుకే కటిక చీకటి. ధైర్యానికి సండే స్కూల్లో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరు గట్టిగా చదువుతూ స్తంభం చుట్టూ నడిచింది. ఒకటి... రెండు... ఏడో పేరు దాకా గాలి తప్ప జవాబు లేదు. మలుపు తిరిగింది.

"ఓటో బేరెన్స్."

"ఉన్నాను."

చేతిలో ఫోన్ లైటు అటు తిప్పింది. టోపీ, పొడుగాటి కోటు, ఎనభై దాటిన మొహం. చలికి ఆవిడ నోట్లోంచి మాటమాటకీ పొగ వస్తోంది. ఆయన నోట్లోంచి రావడం లేదు. ముసలి ఒంట్లో వేడెక్కడిదిలే, అనుకుంది.

ఆ వెంటనే బుర్ర పనిచేసింది. మనలో బతికున్న తండ్రి పేరు కొడుక్కి పెట్టం. పెడితే ఆ తల్లి కొడుకుని తిట్టేదెలా, మొగుడి పేరు నోట్లోకి రాకుండా? వీళ్ళు పెట్టుకుంటారు, వెనక జూనియర్ అని తగిలించి. ఈ ముక్క తెలియకే జూడ్ గాడు పరుగెత్తాడు.

"మీరు జూనియరా?"

ఆయన చప్పుడు లేకుండా నవ్వాడు. "మీకెలా వీలైతే అలా పిలవండి మేడమ్."

"కానీ... 1918లో పోయిన మనిషికి మీ వయసు కొడుకేమిటి? లెక్క కుదరట్లేదే."

"అదే గొడవ. ఓటో పోలేదు."

గుసగుసగా చెప్పుకొచ్చాడు. జర్మనీతో యుద్ధం కదా, ఊరంతా ఈ చర్చివాళ్ళని అనుమానంగా చూసేది. మేమూ అమెరికన్లమే అని రాతిమీద రాసి చూపించాలని తొందర. (2001లో న్యూయార్క్ టవర్లు కూలాక మనవాళ్ళు కార్లకి జెండాలు కట్టుకుని తిరగలేదూ?) లోపల బాప్తిస్మపు తొట్టికి ఎనిమిది పలకలు, కాబట్టి బయట స్తంభానికీ ఎనిమిదే ఉండాలన్నాడు డల్లాస్ నుంచి వచ్చిన శిల్పి. చచ్చినవాళ్ళు చూస్తే ఏడుగురు. ఖాళీ పలక బోసిగా ఉంటుంది. ఓటో ఫ్రాన్స్‌లో జాడ తెలియకుండా పోయాడు — అతని పేరు చెక్కేశారు.

1919 జూన్‌లో ఓటో కుంటుకుంటూ రైలు దిగాడు.

"సంతోషించారా?"

"కమిటీ మీటింగ్ పెట్టారు. చెరిపితే రాయి గుంట పడుతుంది, డిజైన్ పాడవుతుంది అన్నారు. ఎలాగూ ఎప్పుడో పోతావు కదా ఓటో, కాస్త ముందు రాశామనుకో అన్నారు."

"మరి... నిజంగా ఎప్పుడు?"

"1974 మార్చి 9. నిద్రలో. వాన పడుతోంది."

ప్రేమజ్యోతికి ఒళ్ళు మండింది. భీమవరం చర్చిలో ఫ్యాను రెక్క మీద కూడా ఎవరి జ్ఞాపకార్థమో, వాళ్ళు ఏ రోజు పోయారో సరిగ్గా రాయిస్తారు. ఇంత స్తంభం కట్టి, అబద్ధమా?

మర్నాడే అందరికీ ఫోన్ చేసి జూనియర్ సంగతి విడమరిచి చెప్పింది. జూడ్‌ని నెలరోజులు ఏడిపించారు. గొర్రెలు తిరిగొచ్చాయి. హాల్ దక్కింది.

వసంతంలో స్తంభం అడుగున రాళ్ళు మారుస్తూ, మీ భాషలో కూడా ఒక ఆశీర్వచనం చెక్కించుకోండి అంది మిసెస్ వాల్టర్. ఏం రాస్తారో చూపించమని అడగలేదు. అడిగినా ఏం చదువుతుంది?

2012 మే నెలాఖరున పట్టపగలు గుడ్డ తీశారు. ఎనిమిదో పలక కింద నాలుగు వరసలు —

*ఈ పేరు ఇక్కడ ఉండకూడదు.*
*ఓటో బేరెన్స్ యుద్ధం నుంచి ప్రాణాలతో ఇంటికొచ్చాడు.*
*తన మంచం మీద కన్నుమూశాడు.*
*1974 మార్చి 9.*

తెలుగువాళ్ళంతా తలలు వంచుకున్నారు, భక్తితో కాదు, నవ్వాపుకోలేక.

"ఎంత గుండ్రటి అక్షరాలు," అంది మిసెస్ వాల్టర్. "ముత్యాల్లా ఉన్నాయి."

"జూనియర్‌ని కూడా పిలవాల్సింది," అంది ప్రేమజ్యోతి.

"ఏ జూనియర్?"

"ఓటోగారి అబ్బాయి."

"ఓటోకి పెళ్ళే కాలేదే." ఆవిడ ఆఖరి వరస మీదకి వంగింది. మన అక్షరాలు రావు గానీ అంకెలు అందరివీ ఒకటే. మొహం పాలిపోయింది. "ఇది ఓటో చనిపోయిన సంవత్సరం... తొమ్మిదో తారీకు. ఆయన సమాధికి రాయి లేదు. ఇక్కడ ఉందిగా, ఇంకోటెందుకని కమిటీ పెట్టనివ్వలేదు. మీకెవరు చెప్పారు?"

వెనకనుంచి జూడ్ మెల్లిగా — "జూనియర్ అని ఆయనే అన్నాడా ఆంటీ?"

ప్రేమజ్యోతి ఆ డిసెంబర్ సాయంత్రాన్ని మాటమాటా గుర్తు చేసుకుంది...

ఆయన అనలేదు. తనే అంది.

ఓటో బేరెన్స్ పోయిన రోజు లోకం మొత్తంలో ఆ ఒక్క రాయి మీదే ఉంది, అదీ తెలుగులో: 1974 మార్చి 9.