యూరియా గోదాంలో పియానో

కాజీపల్లిలో మూతపడ్డ ఓ మందుల ఫ్యాక్టరీ వెనక మేనేజర్ బంగ్లా ఉంది. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోరు. కంపెనీ బస్సు డ్రైవర్లు అక్కడికి రాగానే పాటల సౌండు పెంచుతారు. లోపల పట్టీలేసుకున్న ఆడదెయ్యం తిరుగుతుందట... దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. చూసినవాడు ఒక్కడూ లేడు గానీ, మడమలు ముందుకుంటాయని మాత్రం ఊరంతా ఒట్టేసి చెబుతుంది.

ఈ సంగతి నాకు చెప్పింది యాదన్న. సంగారెడ్డిలో ఎరువుల దుకాణం నడిపే విశ్వేశ్వర్ సేటు దగ్గర ట్రాలీ ఆటో తోలుతాడు. ఏది చెప్పినా కాస్త ఉప్పూకారం చల్లే మనిషే. ఇది చెప్పేటప్పుడు మాత్రం చల్లలేదు.

సేటుకు యాభై దాటాక పియానో పిచ్చి పట్టింది. ఎవరి పెళ్లికో హైదరాబాద్‌లో ఓ పాత చర్చికి పోయి, అక్కడ పైపు ఆర్గన్ విన్నాడు. గోడంత ఎత్తు గొట్టాల్లోంచి గాలి పాటై వస్తుంటే కూర్చున్న బల్ల అదిరింది, కడుపు అదిరింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏళ్ల తరబడి యూరియా, డీఏపీ తప్ప ఇంకో మాట వినని మనిషి! చచ్చేలోపు ఒక్కసారి దాన్ని వాయించాలనుకున్నాడు.

ఆ చర్చిలో దాన్ని వాయించే జయంత్ సార్‌ను అడిగితే, ఆయన నవ్వలేదు. ముందు పియానో నేర్చుకోమన్నాడు. సేటు నేర్చుకున్నాడు. పాట వచ్చింది కానీ, చేతులు ఆగవు. దుకాణం ముందు రైతులు లైను కట్టినట్టే హడావుడిగా వాయిస్తాడు. ఒకరోజు సార్‌కు విసుగొచ్చింది.

"దసరా దాటినంక ఆర్గన్ విప్పి రిపేర్‌కు పంపుతున్నం. మళ్ల ఎప్పుడొస్తదో తెల్వదు. ఆలోపల పియానో మీద ఒక్క పాట ఉరకకుండ వాయించు సేటూ, ఆర్గన్ ముందు కూసోబెడ్త. లేకుంటే ఇగ రాకు."

ఇంట్లో సాధనకు కీబోర్డు కొని తెస్తే భార్య ప్రభావతి అడ్డం తిరిగింది. "ఆ డబ్బా అన్న ఉండాలె, నేనన్న ఉండాలె." సేటు కొంచెం ఎక్కువసేపు ఆలోచించాడు. అదే తప్పయింది. ఆ సాయంత్రమే కీబోర్డూ, సేటూ రోడ్డున పడ్డారు.

ఇక మిగిలింది ఆ బంగ్లానే. ఎరువుల గోదాం కోసం సేటు దాన్ని కారుచౌకగా కిరాయికి తీసుకుని ఉన్నాడు.

"ఆడ దెయ్యముందంటరు సేటూ..."

"ఉండనీ యాదన్నా. నా పాట ఇని అది పారిపోతే ఓనర్ నాకు దండం పెడ్తడు."

మొదటి రాత్రి. బస్తాల మీద కీబోర్డు. గుమ్మం బయట ఆటోలో యాదన్న. సేటు మొదలుపెట్టాడు... ఎప్పటిలాగే ఉరికాడు—

థప్!

ఎవరో కాలితో నేలను తన్నారు. సేటు చేతులు ఆగిపోయాయి. బస్తాల వెనక చీకటి... ఆ చీకట్లోంచి, నిదానంగా—

ఘల్... ఘల్... ఘల్...

చెవి పక్కనే గుసగుస.

"మల్ల... మొదటికెల్లి..."

ఆ క్షణాన సేటు ప్యాంటు తడిసిందని యాదన్న అంటాడు. చెమట అని సేటు అంటాడు. పారిపోదామంటే కాళ్లు లేవలేదు. చేతులు మాత్రం కదిలాయి. ఘల్లుకో స్వరం. ఉరికితే— థప్! ఆగితే— "మల్ల..."

ఎన్నిసార్లయిందో లెక్క లేదు. చివరికి పాట మొత్తం, ఉరకకుండా, సేటు చేతుల కింద నుంచి వచ్చింది. తన పాట తనకే మొదటిసారి వినబడింది. సేటు వెక్కివెక్కి ఏడ్చాడు. అది భయం కాదు, సంతోషం.

మర్నాడు పొద్దుగూకగానే ఆటో ఎక్కి కూర్చున్నాడు.

"మల్ల ఆడికేనా సేటూ?" యాదన్న నోరెళ్లబెట్టాడు.

"లేటయితే టీచర్ ఊకోదు. జల్దీ తోలు."

దసరా ముందు వారం జయంత్ సార్ పియానో మీద ఆ పాట విని కళ్లద్దాలు తీశాడు. "ఎవరు నేర్పిన్రు సేటూ?"

"ఒకామె ఉంది సార్. జెర కడక్."

ఆదివారం సాయంత్రం ఆర్గన్ ముందు కూర్చోమన్నాడు. శనివారం రాత్రి సేటు బస్తాల వైపు తిరిగి దండం పెట్టాడు. "అమ్మా, రేపే. ఆ ఆర్గన్‌కు కాళ్ల కింద గూడ కట్టెమెట్లుంటయి. పెద్ద స్వరాలన్ని కాళ్లతోటే వాయించాలె. గది నాకు రాదు. చేతులతోటి అయినకాడికి వాయిస్త."

పట్టీలు ఒక్కసారి ఘల్లుమని ఊరుకున్నాయి.

ఆదివారం. ప్రార్థన అయిపోయి చర్చి ఖాళీ అయింది. "కింది మెట్ల జోలికి పోకు," అని జయంత్ సార్ యాదన్నతో పాటు చివరి వరుసలో కూర్చున్నాడు. సేటు బూట్లు రెండూ బల్ల కింది కడ్డీ మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని వాయించాడు. నిదానంగా... ఘల్లుకో స్వరం...

నేల అదిరింది. గోడలు అదిరాయి. ఆనాడు విన్న ఆ పెద్ద గొంతే గొట్టాల్లోంచి లేచి సేటు కడుపులో మోగింది. పాట అయిపోయింది.

జయంత్ సార్ చప్పట్లు కొడుతూ పరుగున వచ్చాడు. "కాళ్లతోటి వాయించుడు ఎప్పుడు నేర్సుకున్నవ్ సేటూ?"

సేటు కళ్లు తెరిచి కిందికి చూశాడు. తన బూట్లు కడ్డీ మీదే ఉన్నాయి. వాటి కింద, కట్టెమెట్ల మీద, వెండి పట్టీలతో రెండు పాదాలు... మడమలు ముందుకు.

"అవి నావి గావు సార్..."