రెండో ఉత్తరం

గుయ్యిమని మొదలై, మధ్యలో సన్నగా తెగి, మళ్ళీ అందుకునే ఆ చప్పుడు తెర వెనక నుంచి వస్తూనే ఉంది. పన్ను అరగదీసే మిషను అది. నాలుగేళ్ళుగా వింటున్నా, విన్న ప్రతిసారీ గురవమ్మకు తన దవడలోనే ఎక్కడో జివ్వుమంటుంది. ప్రొద్దుటూరులో డాక్టరు అమీర్ బాషా పళ్ళ ఆసుపత్రిలో వాడిన సామాను కడిగి, మరిగే నీళ్ళలో వేసి, ఆరబెట్టి అందించడం ఆమె పని. ఆ శనివారం ఉదయం మాత్రం చేతులు కదలలేదు. వెనక గది గడపలో ఆమె భర్తకు అన్న, పెద్ద బావ, తెల్లని కవరు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఇదో గురవమ్మా, పాప అడిగిన ఉత్తరం. జమ్మలమడుగులో మా పార్టీ పెద్దాయన సొంతంగా సంతకం పెట్టిచ్చినాడు. ఇంగ సీటు రాకపోతే నన్నడుగు."

"పాప అడిగిందా బావా?"

"మొన్న పులివెందల నుంచి వస్తా దోవలో మన ఇంటికొచ్చి అడిగె. నువ్వే చెప్పి పంపినావనుకుంటి."

గురవమ్మ గోడకు ఆనుకుంది. తెలియక చేసింది పిల్ల... ఎంత పని చేసింది! కర్ణాటకలో ఒక ట్రస్టు వారి దంత వైద్య కళాశాల ఏటా నలుగురు పేదపిల్లలను ఉచితంగా చేర్చుకుంటుంది. దరఖాస్తుతో పాటు అభ్యర్థి నడవడిని ఎరిగిన పెద్దలు ఇద్దరు ఇచ్చిన ఉత్తరాలు పంపాలి; రెండే, మూడోది పంపితే దరఖాస్తు చెల్లదు. మొదటిది ఇంటరులో పాఠం చెప్పిన శేషాచలం మాస్టారు ఎప్పుడో రాసి ఇచ్చారు. రెండోదాని కోసం కూతురు నాగేశ్వరమ్మ పెదనాయన దగ్గరకు వెళ్ళింది. హాస్టలు గదుల్లో పెరిగిన పిల్లకు ఏం తెలుసు? ఆ పల్లెల్లో పెద్దాయన ఉత్తరం అడగడమంటే ఆయన గడప తొక్కినట్టే. ఆయన వైపు మనుషుల మీద కేసు ఉన్న ఇంటివాళ్ళు అడిగారంటే ఇక రాజీకి ఒప్పుకున్నట్టే. ఒక ఇంటికి ఉద్యోగం, ఒక ఇంటికి బోరుబావి, ఒక ఇంటికి ఉత్తరం. పుచ్చుకున్న ఇల్లు కోర్టులో ఏమీ చూడలేదని చెబుతుంది. కాగితం మీద రాసుకోని ఒప్పందం అది. తప్పినవాడు ఇంతవరకు లేడు.

"బేస్తవారం వాయిదా ఉండాది గదా," అన్నాడు బావ, రాబోయే గురువారం కోర్టును గుర్తుచేస్తూ, గొంతు తగ్గించి. "నేనేం చూల్లేదు సామీ అని ఒక్క మాట చెప్పి వచ్చేయ్. నువ్వూ శానా అలిసిపోయినావు. అందరం అలిసిపోయినాం."

కవరును మరిగే నీళ్ళ గిన్నె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చివరి మాట మాత్రం నిజం. గురవమ్మ నిజంగానే అలిసిపోయింది...

పెద్దముడియం పక్క పల్లెలో గొర్రెలు మేపుకొనే ఇల్లు వాళ్ళది. నాలుగేళ్ళ కిందట ఎన్నికలు వచ్చాయి, అన్న పెద్దాయన పార్టీలో, తమ్ముడైన గురవమ్మ భర్త ఎదుటి పార్టీలో చేరారు. తమ్ముడు పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. పట్టుకోకూడని దొంగ ఓట్లు పట్టుకున్నాడు. మూడు వారాలకు జమ్మలమడుగు బస్టాండులో జీపు ఆగింది. దిగిన నలుగురూ దూరపు ఊరివాళ్ళు, చంపవలసిన మనిషి ముఖం ఎరగనివాళ్ళు. గుంపు మీదుగా ఎటో చూశారు. టీ అంగడి ముందు ఒక మనిషి భుజం మీది తువ్వాలు తీశాడు, ఆమె భర్త నిలబడిన వైపు విదిలించాడు, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. అంతే... అరనిమిషంలో అంతా అయిపోయింది. భర్త వెంటే ఉన్న గురవమ్మ ఆ నలుగురి ముఖాలను తరువాత పోలీసు స్టేషనులో గుర్తుపట్టింది. తువ్వాలు విదిలించిన మనిషిని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? శవం దగ్గర అందరికన్నా బిగ్గరగా ఏడ్చింది అతనే. తండ్రి లేని పిల్లను పులివెందుల హాస్టలులో చేర్చింది అతనే. పండగ పండగకూ బట్టలు పట్టుకొని పోయింది అతనే. "నాకు నాయన పోలేదు, పెదనాయన ఉండాడు" అని పిల్ల పదిమందిలో చెప్పుకుంటుంటే, ఆ మాటను ఆమె నాలుగేళ్ళుగా గుటకలు గుటకలుగా మింగుతూ వచ్చింది.

మరునాడు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు చాప మీద మూడు ఉత్తరాలు పరుచుకొని కూర్చున్నారు. మూడోది డాక్టరు గారు అడక్కుండానే రాసి పంపినది. నాగేశ్వరమ్మ ముందు పెద్దాయన ఉత్తరం చదివింది. దళసరి కాగితం, పైన పార్టీ గుర్తు. ముందే అచ్చు వేసిన వాక్యాల నడుమ ఖాళీ జాగాలో ఆమె పేరు వేరే సిరాతో నింపారు. 'వీరిని చిన్నతనం నుండి ఎరుగుదును.'

"మా, నా మొగం ఎప్పుడన్నా చూసినాడా ఈయన?" అని నవ్వింది పిల్ల.

తరువాత డాక్టరు గారిది చదివింది. చదువుతూ చదువుతూ నవ్వు మానేసింది. 'ఈ అమ్మాయి మూడు వేసవులు నా దగ్గర పని నేర్చుకుంది. మొదటిసారి రక్తం చూసి కళ్ళు తిరిగి పడింది, రెండోసారి పడలేదు. పన్ను తీసేటప్పుడు భయపడే ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది. ఒకసారి నోటి అద్దం పగలగొట్టి, నేను వేరొకరిని కోప్పడితే, నేనే పగలగొట్టానని వచ్చి చెప్పింది. ఇంతకన్నా నాకు తెలిసినది లేదు.'

"ఇది చదివితే ఏడుపొస్తాంది. కానీ పెద్దాయన ఉత్తరముంటే కాదనేవాడుండడని హాస్టల్లో అందరూ అంటాండారు. ఏది పెట్టేది మా?"

గురవమ్మ కూతురి వేళ్ళ వైపు చూసింది. సన్నని, నిబ్బరమైన వేళ్ళు. ఆ వేళ్ళ కోసం ఇంకొక్క గుటక మింగలేకపోతుందా తను? పోయిన మనిషి ఎటూ తిరిగి రాడు... పిల్ల బతుకు ఎదురుగా ఉంది.

"పెద్దాయనదే పెట్టు పాపా."

"మరి బేస్తవారం కోర్టులో ఏం చెప్తావు?"

ఆ ప్రశ్న అంత త్వరగా వస్తుందని తల్లి అనుకోలేదు. "ఏం చూల్లేదని చెప్తా," అంది నేల చూస్తూ.

పిల్ల ఆ అచ్చు ఉత్తరాన్ని తిప్పి చూసింది, మళ్ళీ తల్లి ముఖం చూసింది. రేగు ముల్లు దిగినట్టు ఆమెకు అప్పుడు అర్థమైంది, తను పెదనాయనను అడిగినది ఏమిటో, తల్లి చేత దేనిని అమ్మిస్తున్నదో. ఉత్తరాలు మూడూ మడిచి సంచిలో పెట్టుకుంది. సోమవారం పొద్దున ఒక్కతే పోస్టాఫీసుకు వెళ్ళి, దరఖాస్తు రిజిస్టరు చేసి వచ్చింది. ఏది పెట్టావని తల్లి అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు.

గురువారం కోర్టు వరండాలో రెండు పార్టీల మనుషులూ విడివిడిగా నిలబడ్డారు. పెద్ద బావ దగ్గరకు వచ్చి సోడా ఇప్పించాడు, పిల్ల తల నిమిరాడు. అతను పక్కకు తప్పుకోగానే నాగేశ్వరమ్మ తల్లి చెవి దగ్గరకు వంగింది.

"మా... నేను డాక్టరు సారుది పంపించినా. పెద్దాయనది పంపలేదు. సీటు వస్తే వస్తాది, లేకుంటే లేదు. నాకోసమని నువ్వు అబద్ధం చెప్పొద్దు. నువ్వు చూసింది ఎవురినైనా సరే, చెప్పు."

"ఎవురినైనా సరేనా?" అంది గురవమ్మ. "నీకు తెలీదు పాపా. చెప్తే నీకు ఇంగెవరూ మిగలరు."

"నువ్వుండావు గదా."

బంట్రోతు పిలిచాడు. గురవమ్మ బోను ఎక్కింది. ఎదురుగా ఆ నలుగురూ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నారు. సర్కారు వకీలు అడిగాడు, ఆమె చెప్పింది. జీపు సంగతి, కొడవళ్ళ సంగతి, ఒక్కొక్క ముఖం. వరండాలో గుసగుసలు లేచి అణిగాయి. ఆమె గొంతులో కోపం లేదు, కంట నీరు లేదు. నాలుగేళ్ళు నెత్తిన మోసిన గంపను గట్టు మీద దించుతున్న మనిషిలా ఒక్కొక్క మాటనే దించుతూ వచ్చింది.

"వీళ్ళు నీ భర్తను ముందు ఎరగరు అంటున్నావు. మరి ఎలా గుర్తుపట్టారు?" అని అడిగారు జడ్జి గారు.

"చూపించినోళ్ళుండారు సామీ. తువ్వాలు విదిలించి చూపించినారు."

"ఎవరు?"

"మా ఇంటాయనకు అన్న. మా పెద్ద బావ."

తలుపు దగ్గర నాగేశ్వరమ్మ నిలబడి ఉంది. పక్కనే ఉన్న పెదనాయన వైపు తిరిగి చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. పిల్ల నెమ్మదిగా, ఒక్క అడుగు, అతనికి దూరంగా జరిగింది. ఆ అడుగును బోనులో నుంచి తల్లి చూసింది. చూపు తిప్పుకోలేదు.

"వరస చెబితే రాసుకోరమ్మా. పేరు చెప్పాలి," అన్నారు జడ్జి గారు.

బావల పేర్లు పలకని ఇళ్ళల్లో పుట్టి, అటువంటి ఇంటికే కోడలైన మనిషి. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరు ఆమె పెదవి దాటలేదు. గురవమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కోబోయి, ఆగి, చెయ్యి దించేసింది. కూతురి వైపే చూస్తూ, అందరికీ వినబడేటట్టు పలికింది.

"తిప్పన్న."