ఐదో అధ్యాయానికి ముందు

రెవరెండ్ తేవితను చంపడానికి హంతకుడికి పట్టింది పదకొండు సెకన్లు. అందులో ఏడు సెకన్లు ఈ-బైక్‌కి స్టాండ్ వెయ్యడానికే పోయాయి.

శుక్రవారం ఉదయం ఎనిమిదింబావు. ఆస్ట్రేలియాలో పారమట్టా ఫెర్రీ రేవు. చేతుల్లో కాఫీ కప్పులతో ఆఫీసులకు పరిగెడుతున్న జనం. ఫుడ్ డెలివరీ డ్రెస్సులో వచ్చినవాడు బైక్ ఆపాడు. వీపు మీది చదరపు బ్యాగ్ తెరిచాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీశాడు. మూడు తూటాలు. బెంచీ మీద కూర్చున్న తెల్లగడ్డం పాస్టర్ పక్కకి ఒరిగిపోయాడు.

ఆయనకి కాపలా తన్మయి. వయసు ఇరవై తొమ్మిది, ఊరు హనుమకొండ, పైకి ఐటీ కాంట్రాక్టర్, లోపల 'సదరన్ డెస్క్' అనే గూఢచారి సంస్థ ఏజెంట్. ఇరవై అడుగుల దూరంలో లాప్‌టాప్ బ్యాగ్‌తో నిలబడి ఉంది. ఆ ఏడు సెకన్లూ వాణ్ణి డెలివరీ వాడే అనుకుంది.

వాడు బైకెక్కి పారిపోయాడు. తన్మయి అడ్డదారిన రెండు వీధులు పరిగెత్తి, మూడో మలుపులో వాడికి అడ్డంగా తేలి, బ్యాగ్‌ని ముందు చక్రంలోకి విసిరింది. అందులో లాప్‌టాప్ లేదు. నాలుగు కిలోల బుల్లెట్‌ప్రూఫ్ పలక ఉంది. వాడు హ్యాండిల్ మీంచి ఎగిరి ట్రామ్ పట్టాల మీద పడ్డాడు. వచ్చే ట్రామ్‌కి బ్రేకులు బాగానే ఉన్నాయి. దూరమే చాల్లేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి పాస్టర్ ఇంకా కళ్ళు తెరిచే ఉన్నాడు. చొక్కా అంతా నెత్తురు.

"సిస్టర్ లోసానా..." అన్నాడు ఇంగ్లీషులో. "ఆవిణ్ణి చాప మీద కూర్చోబెట్టు. సంతకాలు అయ్యేదాకా... మాటివ్వు."

"మాటిస్తున్నా."

ఆ మాట ఆయన విన్నాడో లేదో ఆమెకి తెలీలేదు.

*

పారమట్టాలో రెండో అంతస్తు. బయట బోర్డు మీద 'వీసా, మైగ్రేషన్ సలహాలు'. లోపల సదరన్ డెస్క్.

చీఫ్ ద్వారకానాథ్ ముప్పై ఏళ్ళ కిందట యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి ఆస్ట్రేలియా వచ్చినవాడు. ఇప్పటికీ బ్రీఫింగ్ అంటే బోర్డు మీద మార్కర్‌తో గీతలు గీస్తాడు.

"మటలోవా. పసిఫిక్‌లో చిన్న దేశం. జనాభా నాలుగు లక్షలు. ఐదేళ్ళలో రెండు సైనిక కుట్రలు. ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ మాటల్లేవు. ఇద్దరూ నమ్మేది చర్చిలనే. ఆరు చర్చిలు కలిసి పద్దెనిమిది పేజీల ప్రతిపాదన రాశాయి."

"ఏముంది సర్ దాన్ల?"

"ఎన్నికలకు ముందు అన్ని పక్షాలూ తొమ్మిది రోజులు ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరైనా రెండుసార్లకు మించి ప్రధాని కాకూడదు. యూనిఫామ్‌లో ఉన్నవాడికి పదవి లేదు. సముద్రం అడుగున గనుల లీజు ఏదైనా ముందు పార్లమెంటులో చదివి వినిపించాలి."

"ఆ చివరిదే బ్లాక్ కోరల్‌కి మంట," అంది కిటికీ దగ్గర నిలబడ్డ నీరజ.

నీరజ నడిచొస్తే లిఫ్ట్ కూడా కాసేపు ఆగుతుందని ఆఫీసులో జోకు. విశాఖపట్నం అమ్మాయి. బ్లాక్ కోరల్ అనే విదేశీ ముఠాలో రెండేళ్ళుగా వాళ్ళ మనిషిలా తిరుగుతూ ఇక్కడికి కబుర్లు మోస్తున్న డబుల్ ఏజెంట్. ఆయుధాలమ్మి, ఆ డబ్బుతో దొంగ లీజులు కొనడం ముఠా వ్యాపారం. తన్మయికి తుపాకీ పట్టుకోవడం నేర్పింది నీరజే. తన్మయి ఆమెని అక్కా అని పిలుస్తుంది.

"పాస్టర్ పోయాడు," అన్నాడు ద్వారకానాథ్. "ఇక రెండు పక్షాలనీ ఒకచోట కూర్చోబెట్టగలిగింది సిస్టర్ లోసానా ఒక్కత్తే. వయసు డెబ్బై ఒకటి. ఆదివారం సంతకాలు. సోమవారానికి కాగితం లేకపోతే అక్కడ సైన్యం రోడ్డెక్కుతుంది. హోటళ్ళన్నీ వాళ్ళ కళ్ళల్లో ఉన్నాయి. నలభై కార్లు వచ్చినా, వందమంది కొత్తవాళ్ళు కనిపించినా ఎవడూ పట్టించుకోని చోటు కావాలి."

తన్మయి ఒక్క క్షణం ఆలోచించింది.

"టూంగాబీల సత్యనారాయణ వ్రతం సర్."

*

ద్వారకానాథ్ పెద్దమ్మ కూతురు కనకదుర్గది పారమట్టా పక్కనే టూంగాబీలో రెండంతస్తుల ఇల్లు. విషయం సగమే చెప్పారు: మేడ మీద ఎవరో చర్చివాళ్ళ రహస్య మీటింగ్, కింద ఉత్తుత్తి వ్రతం.

"ఉత్తుత్తి వ్రతమేంట్రా ద్వారకా?" అందావిడ. ఆవిడది గుడివాడ. "పీట వేశానంటే వ్రతం వ్రతమే. ఐదు అధ్యాయాలూ చదవాల్సిందే. కథ అయ్యి ప్రసాదం తీసుకున్నాకే ఎవరైనా గడప దాటేది. నీ గూఢచారులకి కూడా చెప్పు."

ఆదివారం ఇన్విటేషన్‌లో టైమ్ తొమ్మిదిన్నర. సత్యనారాయణమూర్తి గారు పది యాభైకి వచ్చారు. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టర్, వారాంతాల్లో పురోహితుడు. వస్తూనే ఇంట్లో, పెరట్లో ఉన్న పిల్లలందరినీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రతి అధ్యాయం తెలుగులో చదివి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పడం ఆయన పద్ధతి.

వచ్చే పోయే జనంలో కలిసి మటలోవా వాళ్ళు పదకొండు మంది మేడెక్కారు. ప్రభుత్వం తరఫున మంత్రి, ప్రతిపక్ష నాయకుడు, ఆరు చర్చిల పెద్దలు, ఇద్దరు సహాయకులు, సిస్టర్ లోసానా. సిస్టర్ వాకిట్లో చెప్పులు తానే విప్పింది. ఆ పద్ధతి వాళ్ళకీ ఉందట.

తన్మయి పట్టుచీర కట్టింది. కుడి చెవి బుట్టకమ్మలో రేడియో. చేతికున్న లావు గాజులు రెండూ నొక్కితే సంకెళ్ళవుతాయి. పిస్టల్ పెట్టుకోవడానికి చీరలో చోటు దొరకలేదు. టెక్నికల్ విభాగంలో అందరూ మగవాళ్ళే.

వచ్చిన వస్తువులన్నీ స్కాన్ చేసే డ్యూటీ నీరజది. నెమలి కంఠం రంగు కంచిపట్టులో మెరిసిపోతూ తనూ ఒక పెద్ద హాట్‌ప్యాక్ తెచ్చింది.

"పులిహోర. పైవాళ్ళకి. ఒకే గిన్నెలోంచి తింటేగానీ సంతకం పెట్టరట కదా, వాళ్ళ ఆచారం," అంది. హాట్‌ప్యాక్ మేడ మీదికి వెళ్ళి చాప మధ్యలో కూర్చుంది.

పన్నెండున్నర. పైన తినే టైమ్. కానీ కింద గంట మోగుతూనే ఉంది. "ఈ ఇంటివాళ్ళ ప్రార్థన అవనివ్వండి. తర్వాత తిందాం," అంది సిస్టర్ లోసానా. మంత్రి వాచీ చూసుకున్నాడు. ప్రతిపక్ష నాయకుడూ చూసుకున్నాడు. ఐదేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

కింద నాలుగో అధ్యాయం ఇంగ్లీషులోకి దిగింది.

"సో కిడ్స్, ఆవిడ ప్రసాదం స్కిప్ చేసింది. మొగుడొచ్చాడని పరిగెత్తింది. ఏమైంది? బోట్ మునిగిపోయింది. సివియారిటీ వన్ బగ్!"

"అంకుల్!" ముందు వరసలోంచి ఒక పాప చెయ్యెత్తింది. "దట్ ఆంటీ ఈజ్ ఆల్సో స్కిప్పింగ్!"

అందరూ వెనక్కి తిరిగారు. గడప దగ్గర నీరజ ఒంటికాలి మీద హైహీల్స్ తొడుక్కుంటోంది. కనకదుర్గ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది.

"అదేంటమ్మా, ప్రసాదం తీసుకోకుండా? ఇంకొక్క అధ్యాయమే."

"అర్జెంట్ కాల్ ఆంటీ. ఫైవ్ మినిట్స్‌లో వచ్చేస్తా."

"ఫోన్‌కి హ్యాండ్‌బ్యాగెందుకు? ఫైవ్ మినిట్సే అయితే కూర్చో."

నీరజ చెయ్యి విదిలించుకుంది. ఆవిడ తలుపుకి గుద్దుకుంది. నీరజ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

తన్మయి హాలంతా ఒకసారి చూసింది. ఆ హాల్లో నెలల పిల్లల్ని ఒళ్ళో వేసుకున్నవాళ్ళున్నారు. మధ్యాహ్నం షిఫ్ట్‌కి లేటవుతోందని గొణుక్కుంటున్న నర్సులున్నారు. ఒక్కరు కదల్లేదు. సంతకాలయ్యేదాకా కదలకూడదని ఆర్డరున్న మనిషి మాత్రం వెళ్ళిపోతోంది. తొమ్మిదిన్నరకి మొదలైన వ్రతమైతే ఈపాటికి ప్రసాదం తిని, అందరికీ చెప్పి, నవ్వుతూ వెళ్ళేది. ఇన్విటేషన్‌లో టైమ్‌ని నమ్మి లెక్కేసుకుంది.

దేనికి లెక్క?

తన్మయి పరిగెత్తింది.

గ్యారేజీ ముందు తెల్ల వ్యాన్, ఇంజిన్ ఆన్‌లో. పక్కనే గ్యాస్ బర్నర్ మీద బూరెల మూకుడు. నూనె సలసలా కాగుతోంది.

"ఏందక్కా, ఎటు పోతున్నవ్?"

నీరజ తిరిగింది. చేతిలో సైలెన్సర్ పిస్టల్. "నిన్ను లోపలే ఉండమన్నారు కదే," అంది విసుగ్గా. కాల్చింది. తూటా తన్మయి ఎడమ భుజంలోంచి దూసుకుపోయి గ్యారేజీ రోలర్ డోర్‌లో దిగింది.

వ్యాన్‌లోంచి కత్తితో ఒకడు దూకాడు. ఆరడుగుల మనిషి. మొదటి వేటు కొంగు కోసింది. రెండోది పక్కటెముకల మీద గీత గీసింది. మూడోదానికి తన్మయి కుచ్చిళ్ళెత్తి బర్నర్ స్టాండ్‌ని కాలితో తన్నింది. మూకుడు ఒరిగింది. మరిగే నూనె వాడి మొహం మీంచి ఛాతీ దాకా పడింది. వాడి అరుపు రైల్వే స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది, గంట మోగుతున్న హాల్లోకి తప్ప. గుడ్డిగా కత్తి తిప్పుతూ, నూనెలో కాలు జారి, తన కత్తి మీద తానే పడ్డాడు. రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాడు.

నీరజ మళ్ళీ గురిపెట్టింది. తన్మయి గిన్నెలో మిగిలిన పూర్ణం ఉండలు విసిరింది. ఒకటి కంట్లో పడింది. తూటా గురి తప్పి వ్యాన్ అద్దం పగలగొట్టింది. ఈలోపు తన్మయి ఆమె మణికట్టు పట్టి వెనక్కి విరిచింది. ఎముక పుటుక్కుమంది. నీరజ జడలోంచి సన్నని బ్లేడ్ లాగి తన్మయి చెంప మీద గీసింది. తన్మయి తలతో ఆమె ముక్కు మీద గుద్దింది. ఇద్దరూ చెత్త వేసే వీలీ బిన్‌ల మీద పడ్డారు. నెమలి కంఠం పట్టు మీద ఎర్రటి మరకలు.

"పాస్టర్ సంగతి చెప్పింది గూడ నువ్వేనా?"

"ఆయన రోజూ అదే బెంచీ మీద కూర్చుంటాడే. చెప్పడానికేముంది?"

తన్మయి ఇంకోసారి గుద్దింది. ఇది ట్రైనింగ్‌లో లేనిది.

గాజు తీసి నీరజ చేతిని వాటర్ మీటర్ పైపుకి బిగించింది. అప్పుడు కనిపించింది వాచీ. అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. 1:22. 1:21.

"ఏం తెచ్చినవక్కా?" అని అడగబోయి ఆగింది. అడగక్కర్లేదు.

పులిహోర.

గడప, హాలు. "సో ద కింగ్..." అని ఐదో అధ్యాయం మొదలెట్టిన సత్యనారాయణమూర్తి గారు నెత్తురోడుతున్న ఆమెని చూసి నోరు తెరిచారు. "ఆపకండి పంతులుగారూ! ఎవరినీ బయటికి పోనియ్యకండి!" మెట్లు రెండేసి చొప్పున. చాప. చుట్టూ పదకొండు మంది. మధ్యలో హాట్‌ప్యాక్. సిస్టర్ లోసానా చెయ్యి మూత మీద.

"డోంట్ ఓపెన్!"

ఎత్తుకుంది. పులిహోర ఉండాల్సిన దానికంటే చాలా బరువు. ఎడమ చెయ్యి పనిచెయ్యడంలేదు. జారుతోంది. ముడతల చేతులు రెండు కిందనుంచి పట్టుకున్నాయి. సిస్టర్ లోసానా.

"ఎక్కడికి?" అంది ముసలావిడ.

"బాల్కనీ!"

కింద పెరడు, ఈతకొలను. పిల్లలు ఎప్పుడూ అందులోనే ఉంటారు. ఇవాళ అందరూ పంతులుగారి ముందున్నారు. ఇద్దరూ కలిసి విసిరారు. హాట్‌ప్యాక్ గాల్లో ఒక పల్టీ కొట్టి నీళ్ళలో మునిగింది. తన్మయి ముసలావిణ్ణి కిందికి లాగి మీద పడింది.

ఒకటి.

కొలను మొత్తం లేచి నిలబడింది. కిటికీలన్నీ ఒకేసారి పగిలాయి. చెక్క కంచె పక్కింట్లోకి ఎగిరిపోయింది. తర్వాత చాలాసేపు వర్షంలా నీళ్ళు పడ్డాయి.

కింద హాల్లో అందరూ కిటికీల వైపు తిరిగారు. "బూరెల సిలిండరేమో," అన్నారెవరో. కొంచెంసేపటికి సత్యనారాయణమూర్తి గారి గొంతు ఆగినచోటే అందుకుంది.

*

తన్మయి భుజానికి తువ్వాలు కట్టి, కనకదుర్గ మేడ మీదికి రెండు గిన్నెల్లో ప్రసాదం తెచ్చింది.

"ఇది దేవుడికి పెట్టింది. ఇది పెట్టకుండా విడిగా తీసింది. మీకు ఏ ఇబ్బందీ లేకుండా ఏది కావాలంటే అది," అంది. తన్మయి ఇంగ్లీషులో చెప్పింది.

సిస్టర్ లోసానా జుట్టులోంచి గాజుపెంకు తీసేసుకుని మొదటి గిన్నెని చాప మధ్యకి లాక్కుంది. "పెట్టిందే ఇవ్వండి. ఇవాళ పైలోకంలో ఉన్నవాళ్ళందరూ ఓవర్‌టైమ్ చేశారు."

మంత్రి ఒక ముద్ద తీసుకున్నాడు. ప్రతిపక్ష నాయకుడు అదే గిన్నెలోంచి ఇంకో ముద్ద. పద్దెనిమిది పేజీల చివర సంతకాల మీద నెయ్యి మరకలు పడ్డాయి. పాస్టర్ తేవిత పేరున్న చోట సిస్టర్ నేతి వేలితో ఒక శిలువ గీసి, పక్కన పెన్నుతో టైమ్ రాసింది. ఒంటిగంటా పది.

"రిపోర్ట్‌లో ఏం రాస్తావ్?" అన్నాడు ద్వారకానాథ్ అంబులెన్స్ దగ్గర. "నీరజ సంగతి ఎలా కనిపెట్టావని ఇక్కడి మంత్రిగారి ఆఫీసు అడుగుతోంది."

"స్థానిక ఇంటెలిజెన్స్ అని రాస్తా సర్. ఆరేళ్ళ పాప."

పోలీసు వ్యాన్‌లో నీరజ కూర్చుని ఉంది. ముక్కుకి దూది, చేతికి కట్టు. తలుపు మూయబోతున్న కానిస్టేబుల్‌ని కనకదుర్గ పక్కకి తప్పించి లోపలికి వంగింది. చేతిలో కాగితం కప్పు, ప్లాస్టిక్ చెంచా.

"నోరు తెరువమ్మా," అంది. "ఇది తినకుండా వెళ్ళినందుకేగా ఇంత అయింది."