ఆపరేషన్ రవ్వ చేప

“ఈసారి నువ్వు పట్టాల్సింది మనుషుల్ని కాదు, చేపపిల్లల్ని,” అన్నాడు చీఫ్, మహబూబ్‌నగర్ గెస్ట్‌హౌస్ తలుపుకు గడియ పెట్టి.

ఏజెంట్ అహ్మద్ అలీకి నవ్వొచ్చింది. చీఫ్‌కి రాలేదు.

మక్తల్ చెరువులో మత్స్యశాఖ ఫీల్డ్‌మన్ సిద్దయ్య ఏళ్ల తరబడి తల్లిరవ్వల్ని పెంచుతున్నాడు. చెరువు నీళ్లలో రవ్వ తనంతట గుడ్లు పెట్టదు కాబట్టి, వానలు పడగానే వాటికి పిట్యూటరీ ఇంజెక్షన్ ఇచ్చి ఇక్కడే గుడ్లు పెట్టిస్తారు. అది ఫలిస్తే ఇక ఎవరి దగ్గరా పిల్లల్ని కొననక్కరలేదు. అందుకే పిల్లల్ని అమ్ముకునే ఒక విదేశీ కంపెనీ ముఠా ‘సహాయ బృందం’గా దిగింది. రవ్వ పిల్లలని చెప్పి, మాంసం తినే చేపపిల్లల్ని చెరువులో వదలబోతోంది.

“ఒక్క జంట నీళ్లలో పడ్డా చాలు. రవ్వ అన్న మాటే ఉండదు,” అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్ మేధావులు బీడీకట్టలో ఇమిడే వైర్‌లెస్ ఇచ్చారు. మక్తల్ బజారులో ఎదురైన ప్రతివాడూ “అన్నా, ఒక బీడీ ఇయ్యరాదె” అని చెయ్యి చాపుతాడని ఆ మేధావులకు తోచలేదు. అలీ దాన్ని గడ్డివాములో పాతేశాడు.

బస్టాండులో నల్లకళ్లద్దాలు, జార్జెట్ చీర. బృందం సెక్రటరీ మంజులత. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి.

“ఈడ ఐసు దొరుకుతదా?” అన్నాడు అలీ.

“మక్తల్‌ల ఐసా? కుండనీళ్లు తాగు.”

కోడ్ సరిపోయింది.

“బొంబాయికెల్లి డబ్బాలు రేపొస్తయి, అలీ సాబ్. పిల్లల్ని ఎట్ల తేవాలె అని మా బృందం పెద్ద డాక్టర్ ఫెల్నర్ నన్నడిగిండు.”

“నువ్వేం చెప్పినవ్?”

“ఉన్న మాటే. బయలెల్లే ముందే మేత బంద్ జెయ్యాలె, తొవ్వల ఏం ఎయ్యొద్దు, నీళ్లు ఖరాబైతయి అని. రవ్వ పిల్లలకు గదే పద్ధతి గదా.”

“గవి రవ్వలు గావు గదా!”

“గా ఫికర్ నాదా? సైంటిస్టు ఆయన.”

మర్నాడు చెరువు కట్ట మీద షామియానా, పూలదండలు. ఫెల్నర్ టోపీ సర్దుకుని వెనుకబడిన దేశాల మీద చాలాసేపు జాలిపడ్డాడు. అతని వెనక ఇద్దరు అనుచరులు. జాలరి వేషంలో భుజాన విసురువలతో అలీ, పక్కన సిద్దయ్య.

మొదటి డబ్బా మూత తీశారు. కిక్కిరిసి ఉండాల్సిన చోట పొట్టలుబ్బిన నాలుగైదు చేపలు. ఒకదాని నోట్లోంచి ఇంకోదాని తోక. రెండో డబ్బాలోనూ అంతే.

“గిదేంది సార్! రవ్వ పిల్ల ఆకలైతే సప్పుడుజెయ్యక పడుంటది. గిది తోడబుట్టినోన్నే మింగవట్టె!” అని అరిచాడు సిద్దయ్య.

పద్ధతిని బట్టీ పట్టిన డాక్టరు, ఏ చేపకు ఆ పద్ధతో మాత్రం ఆలోచించలేదు. చివరి డబ్బా చంకన పెట్టుకుని నీళ్ల వైపు పరుగెత్తాడు. డబ్బా వంచాడు. లోపలి నీళ్లు డబ్బా అంచుదాకా వచ్చాయి, తోకా కనిపించింది.

అలీ వల విసిరాడు. డాక్టరు, టోపీ, డబ్బా, అన్నీ ఒడ్డు ఇసుకలోనే చిక్కుకుని పొర్లాయి. షామియానాలో పల్లీలు తింటున్న మఫ్టీ పోలీసులు అనుచరులిద్దర్నీ పట్టుకున్నారు.

సిద్దయ్య ఇసుకలో కొట్టుకుంటున్న చేపల్ని ఒక్కటీ వదలకుండా ఏరి, అప్పుడు వలలోకి తొంగిచూశాడు. “దొర బరువున్నడు గని, కూరకు పనికిరాడు సార్.”

ఠాణాలో ముగ్గుర్నీ మూడు గదుల్లో పెట్టారు. తెల్లారి సబిన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కునేలోపే ఒక్కొక్కడూ మిగతా ఇద్దరి గుట్టూ విప్పేశాడు.

“కొట్టారా ఏంటి?” ఫోన్‌లో అడిగాడు చీఫ్.

“లేదు సార్. పొద్దుగాల కడుపునిండ ఉప్మా పెట్టిన్రు,” అన్నాడు అలీ. “చేపలే నయం సార్. ఆకలయ్యేదాంక ఆగినయి.”